జోలగది

మొక్కని నిద్రపుచ్చవచ్చన్న ఆలోచన సత్యవేణికి ప్రయోగశాలలో రాలేదు, పెరట్లో కంద తవ్వుతుంటే వచ్చింది. ఆకూ కాడా రాలిపోయి, మట్టి ముద్దలా మిగిలిన దుంపని పైకి తీసి, అరచేతిలో అటూ ఇటూ తిప్పింది.

"అత్తా, ఇది చచ్చిందంటావా, బతికుందంటావా?"

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న గవరమ్మ తలెత్తలేదు. "అంత చదువు చదివి నన్నడుగుతావేంటే? పులుసు పెట్టు, గొంతు దురద పెడితే బతికున్నట్టే."

గవరమ్మ వేణికి మేనత్తా, అత్తగారూ కూడా. పుట్టినప్పటి నుంచీ ఆవిడ నోటికి అలవాటు పడింది కాబట్టి వేణి నవ్వేసింది. నవ్వింది గానీ చేతిలో దుంప మాత్రం కింద పెట్టలేదు. దీన్ని తీసుకెళ్ళి మంచం కింద పడేస్తే నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. మట్టి అడగదు, నీళ్ళడగదు, వెలుతురడగదు. ఎండలు ముదిరాక ఓ రోజు దానంతటదే మొలక తోస్తుంది. పడుకోమని దీనికెవరు చెప్పారు?

మామూలు రోజుల్లో అయితే ఆ ప్రశ్న పులుసులో కలిసిపోయేదే. కానీ అవి మామూలు రోజులు కావు. గోదారి లంకల్లో మంచు గడ్డకట్టడం మొదలై అప్పటికి కొన్నేళ్ళయింది. చలి అంటే తెల్లవారుజామున దుప్పటి కాస్త పైకి లాక్కోవడమే అనుకున్న ఊళ్ళవి. గాలులు ఏ కారణంగా దారి మార్చుకున్నాయో, మార్గశిరం దాటేసరికి ఉత్తరాన్నుంచి ఈదురు దిగేది. తెల్లారి చూస్తే ఆకుల మీద ఉప్పు చల్లినట్టు మంచు. దాని మీద ఎండ పడిందా, మొక్క ఉడికిన తోటకూరలా వేలాడిపోయేది. ఏటిలంక ఊరంతా నర్సరీలే. మొదటేడు కనకాంబరాలు పోయాయి. రెండో ఏడు మందారాలు, కాగడా మల్లెలు. బొండుమల్లె మాత్రం మొండిగా ఇంకో రెండేళ్ళు లాగింది. ఆ తర్వాత అదీ పోవడం మొదలెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళికూతుళ్ళు గులాబీలు పెట్టుకుని పీటల మీద కూర్చుంటున్నారు. తోటలన్నిటికీ అద్దాల కప్పులు వేయడం ఎవరి తరం?

కందని ఓ సంచిలో వేసుకుని వేణి రాజమండ్రి బస్సెక్కింది. అక్కడ ఆవిడ పనిచేసే ప్రయోగశాలలో రసాయనాల విభాగం డాక్టర్ సలోమిది. కాలేజీ రోజుల స్నేహం వాళ్ళది. ఇద్దరూ కలిసి ఏడాదిన్నర కంద చుట్టూ తిరిగారు. ఆకు పసుపెక్కి వాలిపోయే రోజుల్లో కాడ మొదట్లో గాజు బుడ్డి బోర్లించి కూర్చుంటే, అందులో కంటికి కనబడని ఆవిరి ఒకటి పట్టుబడింది. దాన్ని మందార కొమ్మ మీదికి వదిలితే, కొమ్మ ఆకులు దులిపేసుకుని, మొగ్గలు బిగించుకుని, కందలాగే కదలకుండా ఉండిపోయింది. మంచు పెట్టెలో పెట్టినా నల్లబడలేదు. బయటికి తీసి గోరువెచ్చటి నీటి ఆవిరి పడితే వారంలో చిగురేసింది.

ఆ సంగతి ఇంట్లో చెబితే గవరమ్మ, "అంటే జోల పాడుతున్నారన్నమాట" అంది. దానికి సలోమి పెట్టిన పేరు నోరు తిరగనంత పొడుగు. అందుకే అందరి నోటా 'జోల' అనే నిలిచింది.

మొదటేడు ప్రయోగానికి వేణి భర్త సూరిబాబు ఊరి చివర మూతపడ్డ అరటిపళ్ళ గది బాగుచేయించాడు. ఒకప్పుడు గెలలు మగ్గబెట్టిన గది. మందపాటి గోడలు, గాలి చొరని తలుపు. లోపల ఇనుప అరలు బిగించి, ఒక్క అర నిండా మొక్కల్ని వేళ్ళు కడిగి, మట్టి లేకుండా పడుకోబెట్టారు. ఫాల్గుణంలో లేపితే అన్నీ లేచాయి. మల్లె దుబ్బుల ఒళ్ళంతా మొగ్గలే. ప్రయోగశాలలో వాసనని కొలిచే యంత్రం కూడా అన్నీ సరిగ్గా ఉన్నాయనే చెప్పింది. ఊరివాళ్ళు వచ్చి చూసి ఆహా ఓహో అన్నారు.

గవరమ్మ ఓ పువ్వు తుంచి ముక్కు దగ్గర పెట్టుకుని, వెనక్కి విసిరేసింది.

"చూడ్డానికి బానే ఉన్నాయే. ప్లాస్టిక్ పువ్వులూ చూడ్డానికి బానే ఉంటాయి."

వేణి మళ్ళీ వాసన చూసింది. నిజమే. ఇష్టం కొద్దీ ఉందనుకుంది గానీ, అందులో ఉన్నది పచ్చి ఆకు వాసనే. వాసన లేని మల్లెని బతికించి ఎవరి కొప్పులో పెట్టాలి?

"మోతాదు ఎక్కువైంది వేణీ," అంది సలోమి. "మరీ లోతుగా పడుకున్నాయి. లేచాయి గానీ సగమే లేచాయి. వచ్చే ఏడు సగం జోలే పట్టిద్దాం. పలచగా పడుకుంటాయి. కాకపోతే చిన్న కదలికకే మెలకువ వచ్చేస్తుంది, జాగ్రత్త."

రెండో ఏడు శీతాకాలం వచ్చేసరికి ఊళ్ళో మిగిలిన మల్లె తల్లి మొక్కలన్నీ ఆ గదికే చేరాయి. మిగిలినవే కొన్ని. ఎవరి మొక్క పోయినా దాని అంటు తెచ్చుకోవడానికి ఇంకో మొక్క లేదు. పక్క తోట నాగభూషణం తన మొక్కకి పాత పంచె పీలిక కట్టి మరీ తెచ్చాడు, కలిసిపోకుండా.

"మా పిల్లని హాస్టల్లో చేర్చేశానండోయ్! వేళకి తిండి పెడతారా?"

"తిండీ లేదు, నీళ్ళూ లేవు బాబాయ్," అంది వేణి. "పడకే."

"మా చిన్నప్పటి హాస్టలూ అంతేలెండి!" అని పకపకా నవ్వాడు.

జోల నింపిన రోజున వేణి, ఆవిరిని ఆపే బొగ్గు మాస్కు సరిగ్గా బిగించుకోలేదు. ఆ మర్నాడు పొయ్యి మీద పాలు పొంగి, మాడి, వంటింటి నిండా పొగ కమ్మినా పక్కనే కూర్చుని చదువుకుంటోంది. గవరమ్మ పరిగెత్తుకొచ్చి గిన్నె దించింది. "ముక్కుందా, ఊడిందా నీకు?" రెండు రోజుల తర్వాత వాసన తిరిగొచ్చింది గానీ, విషయం విన్న సలోమి నవ్వలేదు.

"ముక్కు లోపలి పొర జీవితాంతం చిగుళ్ళేస్తూనే ఉంటుంది, కొమ్మ కొసలాగే. జోల దానికీ పనిచేసిందన్నమాట. ఈసారికి లేచింది. మళ్ళీ పడితే లేస్తుందని నేను చెప్పలేను. మాస్కు లేకుండా ఆ గది గుమ్మం తొక్కకు."

పుష్యం వచ్చింది. బయట మంచు నేలని కరకరలాడించింది. గదిలో మొక్కలు పడుకున్నాయి. నాగభూషణం మాత్రం పడుకోలేదు. పొద్దున్నే సూరిబాబు దగ్గరికి వచ్చేవాడు.

"మా పిల్ల ఎలా ఉందండీ?"

"బానే ఉందండి."

"చూశారా?"

"చూడకూడదండి."

"చూడకుండా బానే ఉందని ఎలా చెబుతున్నారండీ? ఆయ్, తప్పుగా అనుకోకండి. మీరూ మొక్కల్లో పుట్టినోళ్ళే కదా!"

ఆ మాట సూరిబాబుకి ముల్లులా దిగింది. నర్సరీలో పుట్టినవాళ్ళకి కుడి బొటనవేలి గోరు కాస్త పెరిగే ఉంటుంది, కత్తిరించుకోరు. మొక్క బతికుందో లేదో అనుమానం వస్తే ఆ గోటితో కొమ్మ మీద చిన్న గీత గీస్తారు. తడి తగిలితే ప్రాణం ఉన్నట్టు, పొడి రాలితే పోయినట్టు. తాత దగ్గర తండ్రీ, తండ్రి దగ్గర కొడుకూ నేర్చుకున్న పరీక్ష. కళ్ళు మూసుకునైనా చేస్తారు. ఆ గోరు ఊరుకోదు. సంతలో నడుస్తూ కూడా దారిలో కనబడ్డ కొమ్మనల్లా గీకేస్తుంది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు సూరిబాబు మొహం వెలిగిపోతోంది.

"నీకో మంచి మాట చెప్పనా వేణీ? అన్నీ బతికే ఉన్నాయి."

"ఎలా తెలుసు బావా?"

"నువ్వు చెప్పినట్టే అన్నీ పాటించాను. మాస్కు పెట్టుకున్నాను. దీపం వెయ్యలేదు. చీకట్లోనే గోటితో ఇలా..." బొటనవేలు గాల్లో ఆడించాడు. "తడి తగిలింది! మొదటి దాంతో ఆపుదామనుకున్నాను గానీ సంతోషం పట్టలేక రెండోదీ, మూడోదీ... వరస పొడుగునా చూసుకుంటూ పోయాను."

వేణి చేతిలో ముద్ద కంచంలోకి జారింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి పరిగెత్తింది.

గది బయట గోడకి ఓ కొలత ముల్లు ఉంది, లోపలి మొక్కలు ఎంత ఊపిరి పీలుస్తున్నాయో చూపించేది. శీతాకాలమంతా అడుగున పడి ఉన్న ముల్లు ఇప్పుడు పైకి లేచి ఉంది. చూస్తుండగానే ఇంకాస్త పాకింది.

ఫోన్లో సంగతి విని సలోమి గబగబా చెప్పింది. "గాయమైతే ఎవరో తింటున్నారనుకుంటుంది మొక్క. గడ్డి కోస్తే ఓ పచ్చి వాసన వస్తుంది చూడు, అది పక్క మొక్కలకి పెట్టే కేక. ఆ కేక విని పక్కది లేస్తుంది, దాన్ని చూసి ఇంకోటి. మట్టీ నీళ్ళూ లేకుండా చీకట్లో లేస్తే ఉన్న ఓపిక కాస్తా అయిపోయి చచ్చిపోతాయి వేణీ. లేచిన వాటిని బయటికి తీసెయ్యాలి, మిగతా వాటికి మళ్ళీ జోల పట్టాలి. వెంటనే."

"లేచినవి ఏవో ఎలా తెలుస్తుంది? కంటికేం తేడా ఉండదు ఇప్పుడే. దీపం వేస్తే అన్నీ లేస్తాయి."

అంటూండగానే వేణికి జవాబు దొరికింది. లేచిన మొక్క కేక వాసనే కదా. వాసనని పట్టేది ఒక్కటే.

సూరిబాబు వెనకాలే వచ్చి నిలబడ్డాడు. తను చేసిందేమిటో అప్పటికి అర్థమైంది. "నేనెళ్తాను. నా వల్లే కదా."

"పొద్దున్నుంచీ ఆకు తోటలో ఉన్నావు బావా. నీ ఒంటి నిండా, గోటి నిండా ఆ పచ్చి వాసనే. నువ్వు వెళితే ఏది నీదో ఏది మొక్కదో తెలీదు. నేనందించినవి పట్టుకుని బయటికి తీసుకుపో. మాస్కు తియ్యకు."

గవరమ్మ కూడా ఆయాసపడుతూ వచ్చింది. కోడలు మాస్కు విప్పి మెడ కిందికి లాగేయడం చూసి చెయ్యి పట్టుకుంది.

"ఒద్దే. ముక్కు పోగొట్టుకుంటావు."

"మల్లె పోయాక ఈ ముక్కుతో ఏం చేసుకోను అత్తా?"

గవరమ్మ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

తలుపు దగ్గర తెర దాటితే లోపల చీకటి. నిద్రపోతున్న మొక్కకి వాసనే ఉండదు, చల్లటి ఇనుము దగ్గర మొహం పెట్టినట్టుంటుంది. వేణి కళ్ళు మూసుకుని అర పక్కనే నెమ్మదిగా నడిచింది. ఇనుము. ఇనుము. ఒక్కసారిగా, కోసిన పచ్చిక. తడుముకుని ఆ దుబ్బుని తీసి వెనక్కి అందించింది. పక్కది కూడా. తర్వాత రెండు ఇనుము, మళ్ళీ పచ్చిక. గీకినవే కాదు, గీకని వాటిలోనూ మెలకువ పాకింది. కింద అరలోంచి కూడా సన్నగా వస్తోంది. వంగుతూ, లేస్తూ, వెతుకుతూ పోయింది. ఒకదాని మొదట్లో మెత్తటి గుడ్డ పీలిక చేతికి తగిలింది. నాగభూషణం గారి పిల్ల. ముక్కు ఆనించింది. ఇనుము. హాయిగా పడుకుంది. వదిలేసింది.

వరస చివరికొచ్చేసరికి పచ్చిక వాసన పలచబడింది. మొదట్లో అడుగు దూరం నుంచే తగిలింది, ఇప్పుడు కొమ్మకి ముక్కు తాకిస్తే గానీ తెలియడం లేదు. అవి పడుకుంటున్నాయా, తన ముక్కు పడుకుంటోందా? ఆఖరి దుబ్బు దగ్గర చాలాసేపు ఆగింది. గుండెల నిండా పీల్చింది. అందులో ఎక్కడో అడుగున, నూతిలో పడ్డ నాణెంలా, ఓ పచ్చి మెరుపు. తీసేసి సూరిబాబు చేతికిచ్చింది.

మళ్ళీ మొదటి నుంచి ఓ చుట్టు తిరిగింది. ఎక్కడా ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అంటే ఏమిటో చెప్పడానికి ఇక తన దగ్గర ఆధారం లేదు. తలుపు బిగించి జోల వదిలి, గోడకి చేరగిలబడి ముల్లు వంక చూస్తూ కూర్చుంది. పొద్దు వాలేసరికి ముల్లు అడుగుకి దిగింది.

బయటికి తీసిన మొక్కల్ని వంటింట్లో పొయ్యి పక్కన పెట్టి కాపాడబోయారు. వాటిలో చాలా భాగం దక్కలేదు. గదిలోవి దక్కాయి.

వేణికి వాసన తిరిగి రాలేదు. వారమైంది, నెలైంది. ఇంగువ పోపు, కిరసనాయిలు, వాన తడి, అన్నీ ఒకటే. అన్నం వేడిగా, పచ్చడి కారంగా ఉండేవి, అంతే. సూరిబాబు కుడి బొటనవేలికి మందుల షాపులో దొరికే తెల్ల పట్టీ చుట్టుకున్నాడు. స్నానం చేసినా తీసేవాడు కాదు. తడిసి ఊడిపోతే కొత్తది చుట్టుకునేవాడు.

"ఓసారి తిట్టవే," అన్నాడొక రోజు.

"తిడితే ముక్కొస్తుందా బావా?"

"నాకు కాస్త ఊపిరాడుతుంది."

వేణి ఆలోచించింది. "సరే. గోటికి కట్టు కట్టుకున్నావు గానీ, నాగభూషణం బాబాయి నోటికి కట్టాల్సింది" అంది. ఆ ఇంట్లో చాన్నాళ్ళకి ఇద్దరూ నవ్వారు.

వేణిని భయపెట్టింది గవరమ్మ. ఆవిడ మెత్తబడిపోయింది. కూరలో ఉప్పెక్కువైతే "పర్లేదులే" అంటోంది. కోడలి జుట్టు దువ్వి జడేస్తోంది. ఇంటికి ఎవరొచ్చినా, "మా వేణి ఊరికోసం..." అని మొదలెట్టి కొంగు నోటికడ్డం పెట్టుకుంటోంది.

ఫాల్గుణంలో మొదటి అర ఒక్కటే లేపారు. గోరువెచ్చటి ఆవిరి పట్టి, నీడలో కుండీల్లో నాటితే, దుబ్బులు చిగిర్చి మొగ్గలేశాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది, సగం జోల రెండుసార్లు పడితే మళ్ళీ నిండు జోలే కదా. ఈ పువ్వుల్లో వాసనుంటే మిగతావీ ఇదే పద్ధతిలో లేపొచ్చు. లేకపోతే వాటిని ఇంకా నెమ్మదిగా, వేరే దారిలో లేపి చూడాలి. ఒకసారి లేపాక మళ్ళీ పడుకోబెట్టే వీల్లేదు, రెండుసార్లు జోల పడ్డవవి. ఎండలు అప్పుడే చురుక్కుమంటున్నాయి. గది గోడలు వెచ్చబడుతున్నాయి. ఆలస్యమైతే నిద్రలోనే కుళ్ళిపోతాయి.

ఓ సాయంత్రం మొగ్గలు విచ్చుకున్నాయి. వేణి దోసిట్లోకి కోసుకుని ముక్కుకి ఆనించుకుంది. చల్లగా ఉన్నాయి. మెత్తగా ఉన్నాయి.

"బావా?"

"ఉంది," అన్నాడు సూరిబాబు, వాసన చూసీ చూడకముందే. పట్టీ చుట్టిన వేలు దాచుకుంటూ.

సలోమి రాజమండ్రి నుంచి వచ్చి చూసింది. "ఉంది వేణీ. చాలా బావుంది." అని కళ్ళు తుడుచుకుంది. మోతాదు తగ్గిద్దామన్నది తనే కదా అని ఆవిడ బాధ. నాగభూషణం సంగతి అడగనే అక్కర్లేదు, తన పిల్ల కాగితప్పువ్వు పూసినా అత్తరంటాడు. యంత్రం కిందటేడూ ఉందనే చెప్పింది.

ఇక మిగిలింది ఒక్కతే. వేణి గవరమ్మ ముందు నిలబడి దోసిలి చాచింది. గవరమ్మ పువ్వుల్ని చూడలేదు, కోడలి మొహంలోకి చూసింది.

"ఉందే తల్లీ. ఉంది."

తల్లీ అంది! గవరమ్మ పువ్వుని వెనక్కి విసిరేసినా వేణికి ఇంత భయం వేసేది కాదు. ఇంటిల్లిపాదీ తన మీద ప్రేమతో నిండిపోయారు. ప్రేమతో నిండినవాళ్ళ ముక్కులు సాక్ష్యానికి పనికిరావు.

మర్నాడు పొద్దున్నే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పువ్వుల్ని స్టీలు క్యారేజీ గిన్నెలో పెట్టి మూత బిగించి, దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని రావులపాలెం వెళ్ళే పల్లెవెలుగు ఎక్కింది. తనెవరో తెలియనివాళ్ళు కావాలి. తన ముక్కు కథ విననివాళ్ళు కావాలి. పువ్వులున్నాయని కూడా తెలియకూడదు.

బస్సు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళ సీట్లో ఓ చేపలావిడ కాస్త జరిగి చోటిచ్చింది. కాళ్ళ దగ్గర రొయ్యల బుట్ట. వేణికి ఆ వాసనేదీ తెలియలేదు గానీ, ముందు సీటావిడ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకోవడం కనబడింది. పరీక్షకి ఇంతకంటే అన్యాయమైన చోటు ఉండదు. దిగిపోదామా అనుకుంది. మళ్ళీ, అన్యాయమైన పరీక్షలో నెగ్గితేనే కదా నమ్మకం అనుకుని, సంచిలోకి చెయ్యి పెట్టి మూత తీసింది.

ఏమీ కాలేదు.

బస్సు కుదుపుకి అందరూ ఊగారు. కండక్టరు ఎవరితోనో చిల్లర గొడవ పడుతున్నాడు. ఓ ముసలాయన కిటికీకి తల ఆనించి గురక పెడుతున్నాడు. ఊరు దాటింది, ఇంకో ఊరు దాటింది. చేపలావిడ ఆవలించింది. వేణి ఒళ్ళోని సంచి రాయిలా బరువెక్కింది. లేదన్నమాట. మిగతావి లేపకూడదు. వేరే దారి వెతకాలి, ఈ ఎండల్లో...

ముందు సీటావిడ ముక్కు మీంచి రుమాలు తీసింది. తల అటూ ఇటూ తిప్పింది. ఏదో అనబోయి, తనకే నమ్మకం లేనట్టు మళ్ళీ ఆగింది. గురక పెడుతున్న ముసలాయన గురక ఆపాడు. కళ్ళు తెరవకుండానే, "ఎవరిదర్రా పెళ్ళి?" అన్నాడు.

చిల్లర గొడవ మధ్యలో కండక్టరు నోరు మూతపడింది. వాసన పీలుస్తూ వెనక్కి వచ్చాడు. "ఏవండీ, బస్సులో ఎవరండీ మల్లెపూలు తెచ్చిందీ? ఎన్నాళ్ళయిందండీ బాబూ!"

వేణి సంచి మూతి కాస్త తెరిచి పట్టుకుంది. చేపలావిడ వంగి సంచిలోకి తొంగి చూసి, "ఓలమ్మో!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. "నా బుట్ట పక్కనెట్టుకుని కూడా తెలిసిపోయిందంటే సూడండి! ఎక్కడియమ్మా ఇయ్యి?"

"మా తోటలోవి. అమ్మా... ఎలా ఉంది వాసన? కాస్త చెప్పండి."

"ఎలా ఉండడవేంటి? నీ ఒళ్ళోనే ఉన్నాయి కదా."

"నాకు వాసన తెలీదు."

చేపలావిడ ఓ క్షణం వేణి మొహంలోకి చూసింది. జాలి పడలేదు. ఓ పువ్వు తీసి, కళ్ళు మూసుకుని, నిదానంగా పీల్చింది.

"ఎలా ఉందంటే... ఎండన పడి ఇంటికొచ్చి కొత్తకుండలో నీళ్ళు తాగుతావు సూడు, అలాగ. తాగుతుంటే వెనక నుంచి నీ మనిషి వచ్చి, 'ఇయ్యాల తొందరగా వచ్చేశావే' అంటాడు సూడు. అలాగ." కళ్ళు తెరిచి ఫక్కున నవ్వింది. "నా మనిషి ఎప్పుడూ అలా అన్లేదులే. అయినా అలాగే ఉంది."

ఇంట్లో అందరూ ఉంది ఉంది అన్నారే తప్ప ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదు. వేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె పూర్తిగా తెరిచి చేపలావిడకి గుప్పెడు, ముందు సీటావిడకి గుప్పెడు ఇచ్చింది. ముసలాయన కళ్ళు మూసుకునే చెయ్యి చాచాడు. కండక్టరు రెండు పువ్వులు టికెట్ల సంచిలో వేసుకున్నాడు.

ఫోను తీసింది. మొదటి గంటకే సూరిబాబు ఎత్తాడు. "ఎక్కడున్నావే? ఇల్లంతా వెతుకుతున్నాం! అమ్మ ఒకటే కంగారు..."

"బావా, నీ వేలికి ఆ పట్టీ తీసెయ్. గది తలుపులు తెరువు. ఆవిరి పెట్టు. అన్నీ లేపెయ్యండి."

అవతల ఫోను చేతులు మారింది.

"అయితే నా మాట నమ్మక బస్సెక్కి పోయావన్నమాట!" గవరమ్మ గొంతు పాత పదునంతా ఎక్కి వచ్చింది. "ప్లాస్టిక్కుదాన్ని ప్లాస్టిక్కన్నదాన్ని, ఉన్నదాన్ని ఉందంటే నమ్మవా? ఇంటికి రా, నీ సంగతి చెబుతాను!"

ఆ తిట్లన్నీ వేణి చెవినిండా పట్టుకుంది. చేపలావిడ ఎప్పుడు తీసిందో, నాలుగు పువ్వులు సూదీ దారం లేకుండానే వేణి జడలోకి దోపుతోంది.

"తెలీకపోతే ఏంటమ్మా," అంది. "పక్కనోళ్ళం ఉన్నాం కదా. మేం చెబుతాంలే."